ఆమెను పడుకోబెట్టిన తివాచీ

మా ఇంట్లోంచి ఆ తివాచీ పోవాలని మొదట అన్నది మా మేనత్త. నా భార్యను దహనం చేసి, తడి బట్టలతో ఇంటికొచ్చి, గుమ్మంలో దీపం చూసి లోపలికి అడుగుపెట్టాను. అత్త హాలు మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తోంది. రాజమండ్రి నుంచి రైలెక్కి వచ్చేసరికి ఆలస్యమై, ఆవిడకు ఆఖరిచూపు మాత్రమే దక్కింది.

“ఇది ఇంట్లో ఉండకూడదురా నాన్నా,” అంది. “అమ్మాయిని దీనిమీదే పడుకోబెట్టారంటగా. పోయిన మనిషి కిందున్నది గుమ్మం దాటిపోవాలి. చాపైతే అప్పుడే తీసి పారేసేవాళ్ళం. ఇంత బరువైనదాన్ని ఎవరు మోస్తారో ఏమో.”

“తర్వాత చూద్దాం అత్తా,” అన్నాను. చూసేది లేదని నాకు తెలుసు. నా గొంతు విని ఆవిడకూ తెలిసిపోయింది.

ఆ తివాచీ మేం హైదరాబాదులో, నల్లగండ్లలో కిరాయికి ఉన్నప్పుడు కొన్నాం. కొన్నాం అనడం నా గొప్ప. కొన్నది ఆమె. తెల్లాపూర్‌లో ఫ్లాట్ తీసుకుని, బాత్రూం టైల్స్ చూడటానికి నార్సింగి వైపు వెళ్ళాం. గ్రానైట్ షాపుల మధ్య ఒక రేకుల షెడ్డు ఉంది. పాతబస్తీ నుంచి వచ్చిన ఒకాయన అందులో పాత తివాచీలు దొంతరలుగా పేర్చుకుని కూర్చునేవాడు. టైల్స్ షాపు మధ్యాహ్నం మూసేస్తే, నీడ కోసం అందులో దూరాం.

అందరూ తివాచీని ముందువైపు చూస్తారు. ఆమె మూల పట్టుకుని వెనక్కి తిప్పింది. రాయదుర్గంలో ఒక కంపెనీలో చిప్‌ల లేఅవుట్ గీసే ఉద్యోగం ఆమెది. గీతకూ గీతకూ మధ్య వెంట్రుకవాసి తేడా ఎక్కడుందో వెతకడమే రోజంతా పని. ఆ కళ్ళతోనే ముళ్ళు చూస్తోంది. నాది జీతాల సాఫ్ట్‌వేర్. ఎవరి జీతం తప్పుగా పడినా తిట్లు నాకే. అందుకేనేమో నాకు వంకర కనిపిస్తే ఒళ్ళు మండుతుంది. ఆ తివాచీ ఒక కొస కంటే ఇంకో కొస జానెడు వెడల్పు ఎక్కువ.

“ఇది వంకరగా ఉందండీ, వేరేది చూపించండి,” అన్నాను.

“వంకరుంటది సాబ్,” అన్నాడాయన, ఏమాత్రం నొచ్చుకోకుండా. “ఇది బలూచీ మాల్. మా తాతకంటే పాతది. గుడారాల్ల ఉండే ఆడోళ్ళు నేసిన్రు. మగ్గం నేల మీదనే, గూటాలు కొట్టి కడ్తరు. మేకలకు గడ్డి అయిపోతే గుడారం లేపి పోవాలె గద. సగం నేసింది చుట్టి, ఒంటె మీద ఏసుకొని పోతరు. ఇంకోకాడ మళ్ళ గూటాలు కొడ్తరు. గట్లనే వంకరొస్తది. నక్షా గిక్షా ఏం లేదు, అంత దిమాగ్‌లనే.”

ఆయన చెబుతుండగానే ఆమె నేలమీద కూర్చుండిపోయింది. వేలితో ఒకచోట తాకి, “ఈడ చూడు,” అంది నాతో. “ఆయమ్మ ఈడ ఊరు మారినాది.”

నిజమే. అప్పటిదాకా బీట్‌రూట్ ముక్కలా ఉన్న ఎరుపు, ఆ గీత దగ్గర్నుంచి ఇటుక రంగుకు తిరిగింది. రంగు కలిపిన నీళ్ళు వేరని ఆమె అంది. “మనకు మంజీరా నీళ్ళు పోయి ట్యాంకర్ నీళ్ళొచ్చినప్పుడు నా జుట్టంతా ఊడలేదా? అట్లనే.” ఆమెది అనంతపురం. హైదరాబాదు వచ్చి ఎన్నేళ్ళయినా ఆ మాట పోలేదు. నా గోదావరి యాసను వెక్కిరించడం కూడా మానలేదు.

ఆ డిజైన్ గురించి చెప్పాలంటే, మొదట ఎవరికీ ఏమీ అనిపించదు. ఒంటెరంగు నేల. మధ్యలో ఒకదాని కింద ఒకటి పలకల్లాంటి పెద్ద పువ్వులు. గుండ్రం అన్నది ఎక్కడా లేదు, అన్నీ మెట్లుమెట్లుగా తిరిగే కోణాలే. నల్లటి నీలం, ఎరుపు, అక్కడక్కడా తెలుపు. చుట్టూ అంచులో చిన్న జంతువుల వరుస. మేకలంటే మేకలు, కుక్కలంటే కుక్కలు. అన్నీ ఎడమకు నడుస్తుంటాయి. ఒకటి మాత్రం తల వెనక్కి తిప్పి ఉంటుంది. అది పొరపాటని నేను. కాదు, వెనకబడిన పిల్ల కోసం చూస్తాండాదని ఆమె. ఆ ఒక్క మేక మీద మేం వాదించుకున్నంతగా మా అమ్మాయి చదువు మీద కూడా వాదించుకోలేదు.

ఇంటికి వచ్చాక ఆ తివాచీతో నాకు రోజూ యుద్ధమే. మా రోబో వాక్యూమ్ దాని కుచ్చులు మింగి, ఊపిరాడనట్టు అరిచేది. నేను ఆఫీసు కాల్ మధ్యలో లేచి కత్తెర వెతుక్కునేవాణ్ణి. “కత్తెర తెచ్చినావంటే నీ చెయ్యి కత్తిరిస్తా,” అంటూ ఆమె పరిగెత్తుకొచ్చి, ఒక్కొక్క పోగూ చేత్తో విడదీసేది. ఆఖరికి రోబోను మా చెల్లెలికి ఇచ్చేశాం. తివాచీ ఉండిపోయింది. శనివారాలు దాన్ని బాల్కనీలో కాసేపు ఎండకు వేసి, మళ్ళీ తెచ్చి పరిచేవాళ్ళం. ఆమె దానిమీద బోర్లా పడుకుని, అరచేతుల్లో గడ్డం ఆనించి, చదువుకుంటున్నట్టు దాన్నే చూసేది.

ఆమెకు ఒక సిద్ధాంతం ఉండేది. ఇది ఇద్దరు నేసినారు అనేది. రంగు మారిన చోటు దాటి కొంచెం పైకి వెళితే ముళ్ళ తీరు మారుతుంది. కింద సన్నగా, బిగుతుగా ఉన్నవి, అక్కణ్ణుంచి లావై, కాస్త వదులవుతాయి. తల్లి మొదలుపెట్టినాది, కూతురు ముగించినాది అని ఆమె వాదన. అదేం కాదు, ఒకావిడే, అలసిపోయింది, ఒంటెలూ మేకలూ సంసారం చూసుకుంటూ ఇంత పని చేస్తే ఎవరికైనా చెయ్యి వదులవదా అని నా వాదన. ఇంటికి ఎవరు భోజనానికి వచ్చినా మూల తిప్పి చూపించి, తీర్పు అడిగేవాళ్ళం. పాపం, వాళ్ళు బిర్యానీ చల్లారుతుంటే మోకాళ్ళ మీద వంగి ముళ్ళు చూసేవాళ్ళు.

తర్వాత ఆమెకు కడుపులో నొప్పి మొదలైంది. గ్యాస్ అనుకున్నాం. పాంక్రియాస్‌లో కేన్సర్ అన్నారు. అది బయటపడేసరికి చేయగలిగింది తక్కువేనని డాక్టరు మెత్తగా చెప్పాడు. ఆ మెత్తదనానికి ఆయన మీద నాకు ఎంత కోపం వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. కీమో ఎక్కించుకుని వచ్చిన రోజుల్లో ఆమెకు పడకగది గిట్టేది కాదు. హాల్లోకి మంచం మార్చాం. మంచం మీద నుంచి చెయ్యి జారవిడిచి, తివాచీని వేళ్ళ చివర్లతో తడుముతూ ఉండేది.

ఒక సాయంత్రం నేను బార్లీ నీళ్ళు తాగిస్తుంటే, గ్లాసు పక్కకు నెట్టి, “నువ్వు చెప్పిందే నిజమేమో,” అంది.

“ఏది?”

“ఇద్దరు కాదు. ఒకరే. అలసిపోయినాది పాపం.”

ఏళ్ళ తరబడి ఆ మాట ఆమె నోట అనిపించాలని నేను పడని పాట్లు లేవు. తీరా అన్నాక, “కాదు కాదు, ఇద్దరే,” అన్నాను. “నువ్వే చూపించావుగా, ముడి వేసే తీరే వేరు. అలసిపోతే అన్నిచోట్లా వదులవుతుంది గానీ అలా ఒక గీత దగ్గర మారదు.” ఆమె మాటలే ఆమెకు అప్పజెబుతున్నాను. ఆమె నావైపు చూసి చిన్నగా నవ్వింది. “ఓడిపోయినావు పో,” అంది. మిగిలిన బార్లీ నీళ్ళు తాగలేదు.

ఆమె పోయింది ఉదయం కాఫీ వేళ. మా అమ్మాయి పక్కనే ఉంది. ఇంజనీరింగ్ చదువుతోంది, సెలవు పెట్టి తల్లి దగ్గరే ఉండేది. నేను వంటింట్లో పాలు పొంగకుండా చూస్తూ నిలబడ్డాను. “నాన్నా,” అన్న ఆ ఒక్క పిలుపుతోనే నాకు అర్థమైపోయింది.

అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో పెట్టగానే ఫ్లోరు ఫ్లోరంతా వచ్చేశారు. మంచివాళ్ళు, అందరూ కంప్యూటర్ల ముందు బతికేవాళ్ళు. ఇలాంటప్పుడు ఏం చేయాలో ఎవరికీ పూర్తిగా తెలీదు. తలా ఒక ముక్క గుర్తుంది. మంచం మీద ఉంచకూడదని ఒకాయన. తల దక్షిణానికి ఉండాలని ఇంకొకాయన. దక్షిణం ఎటు? ఇద్దరు ఫోన్లు తీసి దిక్సూచి చూశారు. ఒక ఫోను టీవీ వైపు చూపించింది, ఇంకోటి వంటింటి వైపు. పైఫ్లోరు అమ్మాయి గుంటూరులో ఉన్న వాళ్ళ అమ్మకు స్పీకర్లో ఫోన్ చేసింది. “నేల తుడిచి చాప వెయ్యండమ్మా, దర్భలుంటే పరవండి,” అంటోంది ఆ పెద్దావిడ. మా ఇంట్లో చాప లేదు. ఎవరో పరిగెత్తి ఊదారంగు యోగా మ్యాట్ తెచ్చారు.

దాన్ని చూసేసరికి నాకు చిర్రెత్తుకొచ్చింది. “తీసేయండి దాన్ని,” అన్నాను. “ఇక్కడే, తివాచీ మీదే పడుకోబెట్టండి.” ఆమెకు ఇష్టమైన చోట్లోనే ఆమెను పడుకోబెట్టాను. అది తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. దక్షిణం ఎటో తేలాక తల అటు పెట్టేసరికి, ఆమె ఆ డిజైన్ మీద ఐమూలగా వచ్చింది. అనంతపురం నుంచి ఆమె అన్నలు వచ్చేదాకా అలాగే ఉంచాం. మా అమ్మాయి కాళ్ళ దగ్గర కూర్చుని, తల్లి పాదం ఒకటి రెండు చేతులతో పట్టుకుని, మధ్యాహ్నం దాకా వదల్లేదు.

పెద్దకర్మ అయ్యేదాకా అత్త ఊరుకుంది. అయిన మర్నాడు మళ్ళీ ఎత్తింది. ఈసారి నేను ఒంటికాలి మీద లేచాను.

“మన తాతలకంటే పాతది అత్తా ఇది. దీనిమీద ఎంతమంది పుట్టారో, ఎంతమంది పోయారో ఎవరికి తెలుసు? అప్పుడు లేని మైల ఇప్పుడొచ్చిందా?”

“వాళ్ళెవరూ మనవాళ్ళు కాదుగా నాయనా,” అంది అత్త.

జవాబు లేనప్పుడు నాకు గొంతు పెరుగుతుంది. ఈ ఇంట్లో నాకు మిగిలింది ఇదొక్కటేనని, ఇది పోతే నేనూ పోతానని ఏదేదో అరిచాను. అత్త పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నన్ను ఎత్తుకు పెంచిన మనిషి. సాయంత్రం బండికి ఆటో ఎక్కుతూ కూడా నా తల నిమిరే వెళ్ళింది. “నీ ఇష్టంరా. పిల్లని మాత్రం కనిపెట్టుకుని ఉండు,” అంది. అందరూ వెళ్ళేటప్పుడు అనే మాటే కదా అని తలూపాను.

నేను గెలిచాను. ఇంటి నుంచే పని చేసుకోమని ఆఫీసువాళ్ళు అన్నారు. పొద్దున్నే లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళి, ఎరుపు రంగు మారే చోట తివాచీ మీద కూర్చునేవాణ్ణి. కాల్స్ మధ్యలో మూల తిప్పి ముళ్ళు చూసేవాణ్ణి. ఆమె ఉన్నన్నాళ్ళూ వాదించడానికి చూశాను గానీ నిజంగా చూసింది అప్పుడే. అక్కడ కూర్చుంటే ఆమె లోపల గదిలో ఉన్నట్టు, ఇంకాసేపట్లో వచ్చి, పక్కకు జరుగు అంటుందన్నట్టు ఉండేది. అంతకుమించి ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది ఇంకేమీ లేదు.

మా అమ్మాయి మళ్ళీ కాలేజీకి పోవడం మొదలుపెట్టింది. వచ్చీ రాగానే గదిలోకి పోయేది. కంచం గదిలోకే పట్టుకెళ్ళేది. కంచం తిరిగి వచ్చేసరికి అన్నం సగం అలాగే ఉండేది. దుఃఖం కదా, నెమ్మదిగా సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఒకరోజు నేను తివాచీ మీద కూర్చుని ఉండగా నీళ్ళ కోసం వచ్చింది. హాలు మధ్య నుంచి రాలేదు. సోఫాకూ గోడకూ మధ్య సందులో, పొట్ట లోపలికి బిగించుకుని, పక్కకు నడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. అలాగే తిరిగి వెళ్ళింది. అప్పుడు తట్టింది నాకు, ఇన్ని రోజులుగా అది అలాగే నడుస్తోందని.

“మా అత్త ఏమైనా చెప్పిందా?” అన్నాను. “నీకు కూడా ఏంటమ్మా ఈ పట్టింపులు?”

ఆగింది. గోడకు ఆనుకుని, సీసా గుండెలకు పట్టుకుని నిలబడింది.

“మైలా గియిలా నాకు తెలీదు నాన్నా,” అంది. “నీకు అక్కడ డిజైన్ కనిపిస్తది. నాకు అమ్మ పాదం కనిపిస్తది. చల్లగా. నేను రుద్దుతానే ఉన్న, వేడెక్కుతదేమో అని.” సీసా మూత తిప్పుతూ, “నువ్వు అక్కడ కూర్చొని మీటింగ్‌లల్ల మాట్లాడుతుంటవు. ఎట్ల కూర్చుంటున్నవో నాకు అర్థం కాదు,” అంది.

నాకు లేచి నిలబడాలో, అలాగే ఉండాలో తెలియలేదు. పిల్ల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఇచ్చేయడానికి మాత్రం మనసొప్పలేదు. కనబడకుండా ఉంటే చాలదా అనుకున్నాను. మర్నాడు పిల్ల కాలేజీకి వెళ్ళాక సోఫా జరిపి, తివాచీని ఒక్కణ్ణే చుట్టాను. చాలా బరువు. పురుగు పట్టకుండా వేపాకు వేశాను. దుమ్ము పడకుండా ఒక పాత దుప్పటి చుట్టాను. విప్పుకోకుండా పైనా, నడిమా, కిందా తాడుతో కట్టాను. బాల్కనీ పక్కన సామాన్ల గదిలోకి ఈడ్చి, కింద పడుకోబెట్టి తలుపు మూశాను. హాలు బోసిపోయింది. అయినా ఇంట్లోనే ఉంది కదా అని ధైర్యం చెప్పుకున్నాను.

సాయంత్రం పిల్ల ఉతికిన బట్టల క్లిప్పుల కోసం ఆ గది తలుపు తీసింది.

అరవలేదు. అరిచినా బాగుండేది. నేను వెళ్ళేసరికి గడప మీద కూలబడి ఉంది. దాని చూపు వెంట నేనూ చూశాను. దుప్పటి తెల్లది. పొడవు మనిషి పొడవే. మూడు చోట్ల తాడు. పొద్దున కట్టింది నా చేతులే, అయినా అప్పటిదాకా నాకు కనిపించలేదు. పిల్లను లేపి, దగ్గరకు తీసుకుని, “రేపు పంపించేస్తానమ్మా,” అన్నాను. నా మెడ పట్టుకుని ఏడ్చింది. తల్లి పోయినప్పటి నుంచి అది నా ముందు ఏడవడం అదే మొదలు.

మర్నాడు దుప్పటి విప్పేసి, తివాచీని కారు వెనక సీటు మడిచి పెట్టుకుని నార్సింగి వెళ్ళాను. రేకుల షెడ్డు అలాగే ఉంది. ఆయన గడ్డం నెరిసింది. తివాచీని చూడగానే గుర్తుపట్టాడు.

“మేడం రాలేదా సాబ్? ఎనుక తిప్పి చూసే మేడం.”

చెప్పాను. ఆయన టోపీ సర్దుకుని తల వంచుకున్నాడు. “అల్లా మీకు సబర్ ఇయ్యాలె, ఓర్సుకునే బలం ఇయ్యాలె,” అన్నాడు.

దానిమీద ఆమెను పడుకోబెట్టామని, చెప్పకుండా ఇవ్వడం నాకు ఇష్టం లేదని చెప్పాను. “కొనేటోళ్ళు అడిగితే చెప్త సాబ్,” అన్నాడు. “అడగకుంటే, ఇంత పాత మాల్‌కు ఎన్ని ముచ్చట్లుంటయో, అన్ని చెప్పలేం గద.” పురుగేమైనా తిన్నదేమో చూడాలని దాన్ని విప్పడం మొదలుపెట్టాడు. నాకు చూడబుద్ధి కాలేదు. బయటికొచ్చి, గ్రానైట్ పలకల వైపు తిరిగి నిలబడ్డాను. లారీలోంచి పలకలు దించుతున్నారు. ఒక పలక దించేసరికి నా మనసు మారిపోయింది. ఒక్కసారి, ఆ మూల తిప్పి ముళ్ళు చూసి వెళదామని లోపలికి పరిగెత్తాను. అప్పటికే ఆయన దాన్ని మడిచి దొంతరలో పెట్టేశాడు. దానిమీద ఇంకో రెండు తివాచీలు ఎక్కాయి. తియ్యమంటే తీసేవాడే. అడగకుండానే వచ్చి కారెక్కాను.

ఇంటికొచ్చేసరికి పిల్ల కాలేజీ నుంచి వచ్చేసింది. చెప్పులు విప్పి, హాలు దగ్గర ఒక్క క్షణం ఆగి, మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళి వంటింట్లో కంచాలు తీసింది. రెండు తెచ్చింది. సోఫా ముందు, ఉత్త నేలమీద కూర్చుంది. నేనూ ఎదురుగా కూర్చున్నాను. బెండకాయ వేపుడు, పప్పుచారు. కాలేజీలో ఎవరో సార్ గురించి ఏదో చెబుతూ తింటోంది. తల్లి పోయాక అది అన్ని మాటలు మాట్లాడటం, అంత అన్నం తినడం చూడలేదు. నేను తలూపుతూ వింటున్నాను. దాన్ని అలా చూడటం కంటే నాకు ఈ లోకంలో కావలసింది ఏదీ లేదు. అయినా కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాను. శ్మశానం నుంచి తడి బట్టలతో వచ్చిన రోజు కూడా నా భార్య ఈ ఇంట్లోనే ఉందనిపించింది. ఇప్పుడు లేదు.

“పెరుగు ఉందా నాన్నా?” అంది.

లేచి తెచ్చి, వడ్డించాను.